నాన్న రక్తంలో సీసం.. నా బ్యాగులో విటమిన్ గోలీలు

కిందటేడు సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నా బ్యాగులో కొత్త బట్టలకన్నా డబ్బాలే ఎక్కువున్నాయి. విటమిన్ సి వెయ్యి మిల్లీగ్రాములవి రెండు డబ్బాలు, జింకు ఒకటి, సెలీనియం ఒకటి, బి-కాంప్లెక్స్ ఒకటి. ఇవి చాలవన్నట్టు 'హెవీ మెటల్ డిటాక్స్' అని రాసున్న ఆకుపచ్చ పొడి. బిల్లు ఐదువేల పైచిలుకు. అమ్మ అన్నీ మంచం మీద పరిచి చూసి, 'ఏరా, ఉద్యోగం మానేసి మెడికల్ షాపు పెడుతున్నావా?' అంది.

అవన్నీ నాన్న కోసం. ఆయన రక్తంలో సీసం బయటపడింది. అంతకు ముందు నెలలోనే తెలిసింది.

నాన్నది బ్యాటరీ షాపు. గుంటూరు దగ్గర ఓ చిన్న టౌన్‌లో, బస్టాండ్ దాటాక మెయిన్ రోడ్డు మీద. ఆటోలవి, ట్రాక్టర్లవి, లారీలవి, ఈ మధ్య ఇన్వర్టర్లవి. ఇప్పుడంటే ఎక్కువగా కొత్తవి అమ్మడం, ఛార్జింగు పెట్టడమే గానీ, నా చిన్నప్పుడు పాత బ్యాటరీ పైమూత పగలగొట్టి, చెడిపోయిన ప్లేట్లు లాగేసి, కొత్తవి పెట్టి, సీసం కరిగించి అతికేవాడు. ఇప్పటికీ తెలిసినవాళ్ళు అడిగితే చేసిపెడతాడు. ఆ పొగ వాసన నాకింకా గుర్తే. నా బీటెక్ ఫీజు ఆ పొగలోంచే వచ్చింది.

ఏడాదిగా నాన్నకు కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. మలబద్ధకం. కీళ్ళు లాగేస్తున్నాయనేవాడు. గ్యాస్ అనుకుని గ్యాస్ గోలీలు మింగాడు. వయసనుకుని నూనె రాసుకున్నాడు. నీరసంగా ఉందంటే రక్తపరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ 9.8. మగవాళ్ళకు 13 ఉండాలి. మూడో డాక్టరు దగ్గరికి వెళ్ళాక, ఆవిడ మొదటి రెండు చోట్లా ఎవరూ అడగని ప్రశ్న అడిగారు.

'మీరేం పని చేస్తారండీ?'

నాన్న చెప్పాడు. ఆవిడ నోరు తెరవమని చిగుళ్ళు చూశారు. తర్వాత ఓ చీటీ మీద 'బ్లడ్ లెడ్' అని రాసిచ్చారు. శాంపిల్ హైదరాబాద్ వెళ్ళి, నాలుగు రోజులకు నా ఫోన్‌లోకి పీడీఎఫ్ వచ్చింది. డెసీలీటరు రక్తంలో 41 మైక్రోగ్రాములు.

41 ఎంత ఎక్కువో మొదట అర్థం కాలేదు. చదివాక తెలిసింది. సీసం ఇంతవరకు ఉంటే ఏం ఫర్వాలేదు అనే గీత అసలు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. 5 దాటితే సీసం ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికి ఆపాలంటుంది. పిల్లల విషయంలో అమెరికా సీడీసీ 2021లో హెచ్చరిక గీతను 3.5కి దించింది. మనవాళ్ళు 'హెవీ మెటల్' అనే మాటను ఎక్కువగా విన్నది 2020 డిసెంబరులో అనుకుంటా. ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. ఆ తర్వాత అనుమానం పురుగుమందుల మీదికి మళ్ళింది, మనమూ మర్చిపోయాం. నేనైతే పూర్తిగా మర్చిపోయా. మా ఇంట్లోనే ముప్ఫై ఏళ్ళుగా సీసం కాపురం చేస్తోందని తట్టలేదు.

ఇక నేనేం చేశానో మీరు ఊహించగలరు. ఫోన్ తీశా.

81 శాతం మాయం?

రాత్రి పన్నెండింటికి ఒక రీల్ తగిలింది. తెల్లకోటు వేసుకున్న ఒకాయన వేలు చూపిస్తూ, 'వారం రోజులు విటమిన్ సి వేసుకుంటే రక్తంలో సీసం 81 శాతం మాయం, సైన్స్ చెప్పింది' అంటున్నాడు. కింద డబ్బా కొనుక్కునే లింకు. నేను నొక్కేశా. నిజం చెప్పాలంటే, ఆ అంకె చూసి ఏడుపొచ్చినంత సంతోషమేసింది.

సంక్రాంతి నుంచి తిరిగొచ్చాక గానీ ఆ 81 ఎక్కడిదో వెతకలేదు. ఆఫీసులో ఎవరైనా కోడ్ పంపితే లైను లైను చదివి వంద ప్రశ్నలడిగే నేను, నాన్న విషయంలో మాత్రం రీల్‌ని నమ్మేశా.

అంకె అబద్ధం కాదు. 1999లో అమెరికాలో నిజంగానే అలాంటి ప్రయోగం జరిగింది. 20 నుంచి 30 ఏళ్ళ మధ్య వయసున్న 75 మంది మగవాళ్ళు, అందరూ సిగరెట్ తాగేవాళ్ళు. కొందరికి ఉత్తుత్తి గోలీ, కొందరికి రోజుకు 200 మిల్లీగ్రాముల విటమిన్ సి, కొందరికి 1000. వారం తర్వాత చూస్తే వెయ్యి వేసుకున్నవాళ్ళ రక్తంలో సీసం 81 శాతం తగ్గింది. 200 వేసుకున్నవాళ్ళలో మార్పే లేదు.

రీల్‌లో చెప్పని సంగతులు ఇక్కణ్ణుంచి మొదలు. ఆ కుర్రాళ్ళెవరికీ సీసం విషం లక్షణాల్లేవు. ముప్ఫై ఏళ్ళు సీసం కరిగించినవాళ్ళూ కారు. ప్రయోగం జరిగింది వారం. ఇంకో సంగతి: విటమిన్ సి సీసాన్ని ఒంట్లోంచి కడిగేస్తే అది మూత్రంలో కనపడాలి కదా. కనపడలేదు. మూత్రంలో సీసం పెరగలేదు. అంటే విటమిన్ ఏమైనా చేసుంటే, పేగులోంచి కొత్తగా లోపలికి రాకుండా ఆపి ఉండొచ్చు తప్ప, ఉన్నదాన్ని గెంటలేదన్నమాట.

అదే ఏడాది అమెరికాలో వేల మంది రక్త నమూనాలు పరిశీలించిన ఇంకో పెద్ద అధ్యయనం కూడా వచ్చింది. రక్తంలో విటమిన్ సి ఎక్కువున్నవాళ్ళలో సీసం ఎక్కువుండే అవకాశం తక్కువగా కనిపించింది. ఇది నిజంగా ఆశపెట్టే విషయమే. కాకపోతే పండ్లూ కూరలూ బాగా తినేవాళ్ళ ఇల్లు, పని, నీళ్ళు, అన్నీ వేరేగా ఉంటాయి. తగ్గించింది విటమినా, ఆ బతుకా అన్నది ఈ రకం లెక్కలో విడదీయడం కష్టం.

విటమిన్ ఇ, విటమిన్ బి1 మీద కూడా బోలెడు పరిశోధనలున్నాయి. సీసం మన కణాల్లో తుప్పు పట్టించినట్టు చేస్తుంది, ఈ విటమిన్లు ఆ తుప్పును కొంత అడ్డుకుంటాయి. కానీ చాలా వరకు ఎలుకల్లో. మా నాన్న ఎలుక కాదు.

గేటు దగ్గర దొంగ ఐడీ

అసలు సీసం లోపలికి ఎలా వస్తుందో తెలిస్తే ఏది పనిచేస్తుందో, ఏది చేయదో మనకే అర్థమైపోతుంది. ఈ భాగం నాకు భలే నచ్చింది, కాస్త ఓపిగ్గా చదవండి.

మన ఒంటికి సీసంతో ఏ పనీ లేదు. కాబట్టి దానికంటూ ప్రత్యేకంగా ఏ తలుపూ లేదు. అది వేరేవాళ్ళ ఐడీ కార్డు చూపించి లోపలికి దూరుతుంది. చిన్నపేగు గోడలో డీఎంటీ1 అనే ప్రొటీన్ ఉంటుంది, ఐరన్‌ను లోపలికి మోసుకొచ్చే కూలీ అనుకోండి. ఒంట్లో ఐరన్ తక్కువైనప్పుడు శరీరం కంగారు పడి ఈ కూలీల సంఖ్య పెంచేస్తుంది. వాళ్ళు ఐరన్ దొరక్కపోతే సీసాన్ని కూడా ఎత్తుకొస్తారు. అంటే రక్తహీనత ఉన్న మనిషి, అదే దుమ్ము అదే మోతాదులో మింగినా, ఎక్కువ సీసం పీల్చుకుంటాడు.

లోపలికొచ్చాక సీసం చేసే మొదటి అల్లరి రక్తం తయారీ దగ్గర. హిమోగ్లోబిన్ తయారయ్యే దారిలో ఒక ఎంజైముకు జింకు కావాలి. సీసం ఆ జింకును లేపి తను కూర్చుంటుంది. రక్తం తగ్గుతుంది. ఐరన్ తక్కువైతే సీసం ఎక్కువ లోపలికొస్తుంది, సీసం ఎక్కువైతే రక్తం ఇంకా తగ్గుతుంది. మా భాషలో దీన్ని ఇన్ఫినిట్ లూప్ అంటాం. నాన్న 9.8 అదే.

రెండో దొంగ ఐడీ క్యాల్షియంది. ఒంట్లో సీసాన్నీ క్యాల్షియాన్నీ చాలాచోట్ల ఒకేలా చూస్తారు. తిండిలో క్యాల్షియం తక్కువైతే సీసానికి దారి సులువవుతుంది. లోపలికొచ్చిన సీసం చివరికి క్యాల్షియం ఉండే చోటికే, అంటే ఎముకల్లోకి చేరుతుంది. పెద్దవాళ్ళ ఒంట్లోని సీసంలో 90 శాతం పైనే ఎముకల్లో ఉంటుంది. రక్తంలోది నెలా నెలన్నరలో సగానికి తగ్గుతుంది, ఎముకల్లోది తగ్గడానికి పదేళ్ళు, ఇరవై ఏళ్ళు, ఇంకా ఎక్కువ. రక్తపరీక్షలో మనం చూసేది క్యాష్ మాత్రమే, అసలు డేటాబేస్ ఎముక. క్యాష్ క్లియర్ చేసి సిస్టమ్ బాగైందనుకోవడం మాలాంటి వాళ్ళు ఏటా చేసే తప్పే.

ఇంకో సంగతి చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డా. పెద్దవాళ్ళు ఖాళీ కడుపుతో సీసం మింగితే దాదాపు 60 శాతం ఒంటికి పట్టేస్తుంది. అదే భోజనంతో పాటైతే పది శాతం లోపే. చిన్నపిల్లలకైతే మామూలుగానే 40, 50 శాతం పడుతుంది.

మా నాన్న దినచర్య చెప్తా వినండి. పొద్దున ఏడింటికల్లా షాపు తెరవాలి, ఎందుకంటే ఆటోవాళ్ళు బండి తీసేది అప్పుడే. లేవగానే ఓ టీ. షాపులో బ్యాటరీలు సర్ది, టెర్మినళ్ళు గీకి, ఆ చేత్తోనే బీడీ. పదిన్నరకు టిఫిను. అంటే ముప్ఫై ఏళ్ళుగా రోజూ మూడున్నర గంటలు, సీసం దుమ్ము అంటిన చేతులు, ఖాళీ కడుపు. ఐదువేల గోలీలు ఏ మూలకి సరిపోతాయి?

బెంగళూరు పిల్లలు, మెక్సికో పిల్లలు

విటమిన్లు, ఖనిజాలు ఉత్తదే అని కొట్టిపారేస్తున్నా అనుకోకండి. బెంగళూరులో జరిగిన ఒక పరిశోధన చూడండి. 2006లో అచ్చయింది. 5 నుంచి 9 ఏళ్ళ పిల్లలు, ఐరన్ తక్కువున్నవాళ్ళు. సగం మందికి ఐరన్ కలిపిన బియ్యంతో వండిన అన్నం, సగం మందికి చూడ్డానికి అలాగే ఉండే మామూలు అన్నం. మొదట్లో రెండు గుంపుల్లోనూ మూడింట రెండు వంతుల మందికి సీసం 10 పైనే ఉంది. కొన్ని నెలల తర్వాత ఐరన్ అన్నం తిన్న గుంపులో అలాంటి పిల్లలు మూడో వంతుకన్నా తగ్గారు. మామూలు అన్నం తిన్నవాళ్ళలో మాత్రం ఇంకా సగానికి పైనే. గోలీ కాదు, డిటాక్స్ కాదు, స్కూల్లో పెట్టిన అన్నం!

అదే 2006లో మెక్సికో నుంచి ఇంకో ప్రయోగం ఫలితం వచ్చింది. టొరియోన్ అనే ఊళ్ళో, లోహాల ఫ్యాక్టరీ పక్కన చదువుకునే ఆరొందల మంది పిల్లలకు ఐరన్, జింకు ఇచ్చారు. సీసం తగ్గలేదు. ఫ్యాక్టరీ పక్కనే ఉంది, దుమ్ము రోజూ వస్తూనే ఉంది. పైగా ఆ పిల్లలందరికీ బెంగళూరు పిల్లలంత ఐరన్ కొరత లేదు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశా. నాకర్థమైంది ఇది: లోటు ఉన్నచోట లోటు పూడిస్తే గేటు కొంత మూసుకుంటుంది. లోటు లేనిచోట ఎంత పోసినా అదనంగా మూసుకునేదేం లేదు. ఇక గేటు బయట లారీల కొద్దీ సీసం దిగుతుంటే, కొంత మూసిన గేటు ఆపగలిగేది కూడా కొంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ దాదాపు ఇదే ఉంది. 5 పైన సీసం ఉన్న పదేళ్ళ లోపు పిల్లలకు, తిండిలో ఐరన్ గానీ క్యాల్షియం గానీ చాలకపోతే అవి ఇవ్వమంటుంది. గర్భిణులకు కూడా క్యాల్షియం లోటుంటే ఇవ్వమంటుంది. గర్భంలో ఉన్నప్పుడు తల్లి ఎముకల్లోంచి క్యాల్షియంతో పాటు పాత సీసం కూడా బయటికొచ్చి బిడ్డకు చేరుతుంది కాబట్టి. మెక్సికో నగరంలో గర్భిణులకు రోజుకు 1200 మిల్లీగ్రాముల క్యాల్షియం ఇచ్చి చూస్తే రక్తంలో సీసం సగటున 11 శాతం తగ్గింది. 81 కాదు, 11. రీల్‌కు పనికిరాదు గానీ ఒక బిడ్డకు పనికొస్తుంది.

మరి మన దగ్గర లోటు లేనిదెవరికి? ఐదేళ్ళలోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్ళు దేశంలో 67 శాతమని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 నాటి ఐదో విడత లెక్క. ఆంధ్రాలో 63, తెలంగాణలో 70. గేట్లన్నీ బార్లా తెరిచి పెట్టుకుని కూర్చున్నామన్నమాట. 1990ల చివర్లో హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో పిల్లల రక్తం పరీక్షిస్తే సగానికి పైగా పిల్లల్లో సీసం 10 దాటి ఉంది. ఆ పనిలో ముందున్న బెంగళూరు ప్రొఫెసర్ తుప్పిల్ వెంకటేశ్ లాంటివాళ్ళ గొడవ ఊరికే పోలేదు. 2000లో దేశమంతా పెట్రోల్లో సీసం ఆపేశారు. తర్వాత 2016లో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని రూలొచ్చింది. పెట్రోలు పోయింది, బ్యాటరీ మిగిలింది. ఇప్పుడు ప్రపంచంలో వాడే సీసంలో 85 శాతం దాకా బ్యాటరీల్లోకే పోతోంది. 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి 5 పైన సీసం ఉంది. వాళ్ళలో మన దేశం పిల్లలే అందరికన్నా ఎక్కువ.

ఆ లెక్కలో మా ఇంటి పిల్లాడు కూడా ఉన్నాడు.

చిన్నోడు

అక్కావాళ్ళది మాకు రెండు వీధుల అవతల. వాడికి నాలుగేళ్ళు. మధ్యాహ్నం స్కూలు నుంచి రాగానే తాత షాపుకి పరుగు. పాత టెర్మినల్ ముక్కలు, రాలిన సీసం గుండ్లు వాడి బొమ్మలు. బరువుగా ఉంటాయి కదా, వాడికి భలే ఇష్టం. సాయంత్రం తాత ఇంటికి రాగానే చొక్కా పట్టుకుని వేలాడతాడు.

నాన్న రిపోర్టు చూసిన రోజే డాక్టరు గారు అడిగారు, 'ఇంట్లో చిన్నపిల్లలున్నారా?' అని. మేం మాత్రం 'వాడికేంటి, బానే ఉన్నాడుగా' అనుకుని నెలన్నర సాగదీశాం. ఫిబ్రవరిలో చేయించాం. 12 వచ్చింది. హిమోగ్లోబిన్ కూడా తక్కువే.

అక్క ఫోన్లో ఏమీ మాట్లాడలేదు. బావ మాత్రం, 'ఏం చేయాలో చెప్పు, చేద్దాం' అన్నాడు. నాన్నకు ఎవరు చెప్పాలన్నది మా ముగ్గురికీ తెగలేదు. చివరికి అమ్మ చెప్పింది. ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నే షాపుకెళ్ళి, వాడు ఆడుకునే గుండ్ల డబ్బా తీసుకెళ్ళి పాత సామాను కొనేవాడికి ఇచ్చేశాడట. నలభై ఒకటి అని తెలిసినప్పుడు 'ఆ, చూద్దాంలే' అన్న మనిషి, పన్నెండు అని తెలిశాక మారాడు.

పిల్లల మెదడు ఎదిగే వయసులో సీసం చేసేది బయటికి కనపడదు. జ్వరం రాదు, దద్దుర్లు రావు. తెలివి, చదువు, ధ్యాస కొంచెం కొంచెంగా తరుగుతాయి. తరిగింది తిరిగి రాదంటారు. అందుకే 'తర్వాత చూద్దాం' అనడానికి వీల్లేదు.

వాడికి డాక్టరు ఐరన్ సిరప్ రాశారు, లోటుంది కాబట్టి. పాలు, పెరుగు, రాగి జావ మానకుండా ఇమ్మన్నారు. ఆకలితో ఉంచొద్దన్నారు. సీసాన్ని పట్టి బయటికి లాగే మందులు, సక్సిమర్ లాంటివి వేరే ఉన్నాయి. అవి వీడికి వద్దన్నారు. పిల్లల్లో సాధారణంగా 45 దాటితేనే వాటి జోలికెళ్తారట. నాన్నకు కూడా, 'ముందు పని పద్ధతి మార్చండి, మూడు నెలలకు మళ్ళీ చూద్దాం' అన్నారు. ఆ మందులు అడిగి వేయించుకునేవి కావు. 2003, 2005 మధ్య అమెరికాలో ఇలాంటి చికిత్స చేస్తూ క్యాల్షియం ఒక్కసారిగా పడిపోయి ముగ్గురు చనిపోయారు. వాళ్ళలో ఇద్దరు పిల్లలు.

నా ఆకుపచ్చ పొడి సంగతి కూడా చెప్పాలి. డబ్బా ఆవిడకు చూపించా. తిప్పి తిప్పి చూసి, 'ఇందులో ఏముందో మీకు తెలుసా?' అన్నారు. తెలీదు. 2004లో అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల షాపుల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 వాటిలో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో దొరికాయి. 2008లో ఆన్‌లైన్‌లో కొన్న 193 వాటిని చూస్తే మళ్ళీ ఐదింట ఒకటి. అన్నీ చెడ్డవని కాదు, ఏది చెడ్డదో మనకు తెలిసే దారి లేదు. గుల్లల పొడితో చేసిన కొన్ని క్యాల్షియం గోలీల్లో కూడా సీసం దొరికిన సందర్భాలున్నాయి. సీసం తీయడానికి సీసం కొనుక్కోవడం! పొడి చెత్తబుట్టలో పడేశా.

విటమిన్ సి కూడా రోజుకు రెండువేల మిల్లీగ్రాములు దాటితే కడుపు పాడవుతుంది, కిడ్నీలో రాళ్ళొచ్చే అవకాశం పెరుగుతుంది. ఐరన్ గోలీలైతే లోటు లేకుండా మింగడం ఇంకా తప్పు. పిల్లలకు అందే చోట పెట్టడం మరీ ప్రమాదం.

ఒక్క జామకాయలో, అంటే వంద గ్రాముల్లో, రెండొందల మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. మగవాళ్ళకు రోజుకు కావలసింది 80 అని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా క్యాల్షియం. మాకు పెరట్లో మునగ చెట్టుంది, ఇన్నాళ్ళూ కాయలు కోసుకుని ఆకు పారేశాం. పప్పులో, ఆకుకూరలో నిమ్మకాయ పిండితే అందులోని ఐరన్ బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ పట్టేది పట్టకుండా పోతుంది. నాన్నకు అన్నిటికన్నా కష్టమైంది ఇదే, టీ.

సీసం ఒక్కటే కాదు, ఇంకో లోహంలాంటి విషం మీద కూడా విటమిన్ పనిచేసిన దాఖలా ఉంది. బంగ్లాదేశ్‌లో బోరు నీళ్ళలో ఆర్సెనిక్ కోట్లమంది సమస్య. ఫోలిక్ యాసిడ్ తక్కువున్నవాళ్ళకు పన్నెండు వారాల పాటు రోజుకు 400 మైక్రోగ్రాములు ఇస్తే రక్తంలో ఆర్సెనిక్ 14 శాతం దాకా తగ్గింది. ఆర్సెనిక్‌ను మార్చి మూత్రంలో పంపే పనికి ఒంటికి ఫోలేట్ కావాలి. అక్కడా అదే తీరు: లోటున్నవాళ్ళకు, కొంత. బోరు మార్చే పని బోరు మార్చాల్సిందే.

షాపులో ఇప్పుడు

నాన్న షాపు మూసేయలేదు. మూసేయమనడానికి నాకు నోరూ రాలేదు. ప్లేట్లు మార్చడం, కరిగించడం మాత్రం పూర్తిగా ఆపేశాడు. పాత బ్యాటరీలు పగలగొట్టకుండా అలాగే కంపెనీ డీలరుకు తిరిగి పంపిస్తున్నాడు. 2022లో వచ్చిన కొత్త రూల్స్ ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదార్లదే. అది కొన్నిసార్లు సాఫీగా సాగుతుంది, కొన్నిసార్లు నెల నెలా షాపులో మూలన పడుంటాయి. చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుందని తడిగుడ్డతో తుడుస్తున్నాడు. షాపు చొక్కా షాపులోనే విప్పేసి, అక్కడే సబ్బుతో కడుక్కుని ఇంటికొస్తున్నాడు. ఆ చొక్కాలు అమ్మ వేరేగా ఉతుకుతోంది. బీడీ మానలేదు, తగ్గించాడు. చేతులు కడుక్కుని వెలిగిస్తా అంటాడు. నేను నమ్మను.

పొద్దున ఆరున్నరకే అమ్మ ఇడ్లీ పెడుతోంది. షాపు ఏడింటికి కాదు, ఏడుంపావుకి తెరుస్తున్నాడు. పావుగంటకే రెండు ఆటోలు పక్క షాపుకి పోయాయని మొదటి నెలంతా గొణిగాడు.

మేలో నాన్నది 33. అక్టోబరులో 28. చిన్నోడిది 12 నుంచి 7కి దిగింది, హిమోగ్లోబిన్ 11 దాటింది. ఇందులో ఐరన్ సిరప్ వాటా ఎంత, తడిగుడ్డ వాటా ఎంత అని అడిగితే చెప్పలేను. అన్నీ ఒకేసారి మార్చేశాం, ఏ మార్పుకు బగ్ పోయిందో తెలీదు. 28 కూడా మంచి అంకేం కాదు. ఎముకల్లోది ఇంకా చాలా ఏళ్ళు రక్తంలోకి ఊరుతూనే ఉంటుందని డాక్టరు గారు చెప్పారు. మళ్ళీ జనవరిలో పరీక్ష.

నిన్న ఫోన్ చేస్తే నాన్న అన్నాడు, 'ఈసారి పండక్కి వచ్చేటప్పుడు ఆ డబ్బాలేం తేకురా. షాపులో వేసుకోడానికి ఓ జత చెప్పులు పట్రా, ఇంట్లోకి ఆ దుమ్ము రాకూడదు. తొమ్మిదో నంబరు.'